గానుగ ఇంజనుకు కట్టిన గూడు

నేను ఒక మోటారు సైకిలుకు ఎముకల గూడుని. మెకానిక్కులు ఫ్రేము అంటారు. బండి రోడ్డు మీద పోతుంటే జనం ఇంజను చప్పుడు వింటారు, ట్యాంకు రంగు చూస్తారు, నడిపేవాళ్ల ముఖం చూస్తారు. నన్నెవరూ చూడరు. అందుకు నాకు బాధ లేదు. మనుషులు కూడా ఒకరినొకరు మెచ్చుకునేటప్పుడు వెన్నెముక సంగతి ఎత్తరు కదా.

నా జాతిలో చాలామంది ఇంగ్లండులోని పెద్ద కార్ఖానాల్లో పుట్టారు. వాళ్లకు పేర్లున్నాయి, నంబర్లున్నాయి, అందంగా గీసిన నక్షాలున్నాయి. నేను విశాఖపట్నం మల్కాపురంలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. నేను పుట్టడానికి కారణం ఒక మనిషి మోకాలు.

ఆ మోకాలు దమయంతిది. ఆమె అనకాపల్లిలో హైస్కూలు వ్యాయామ ఉపాధ్యాయురాలు. అప్పటికి నలభై రెండేళ్లు. పొట్టి మనిషి, గట్టి మనిషి. వయసులో ఉన్నప్పుడు జిల్లా కబడ్డీ జట్టులో కూతకు వెళ్లేది. ఒకసారి కూతకు వెళ్లి నలుగురి కింద పడింది. ఆపరేషను జరిగింది గానీ కుడి మోకాలు ఆ తర్వాత సగమే వంగేది. కుర్చీలో కూర్చుంటే కాలు ముందుకు చాపుకోవాలి.

అప్పట్లో వాళ్ల కోచ్‌కి ఒక ఇంగ్లీషు మోటారు సైకిలు ఉండేది, రెండు సిలిండర్లది. ఆయన దాని మీద మెల్లగా పోతుంటే ఆడపిల్లలంతా వెనకాల భీమిలి ఇసుకలో పరుగెత్తేవారు. దమయంతి ఆ చప్పుడు వెనక నాలుగేళ్లు పరుగెత్తింది. ఒక్కసారి కూడా ఆ బండి ఎక్కలేదు.

ఒక మాఘమాసంలో ఆమె స్కూలు పిల్లల్ని చోడవరం వైపు పోటీలకు తీసుకెళ్తూ, బెల్లం వండుతున్న చోట వ్యాను ఆపించింది. పిల్లలు వేడి బెల్లం తింటున్నారు. ఆమె మాత్రం గానుగ దగ్గరికి వెళ్లి నిలబడిపోయింది. చెరుకు ఆడిస్తున్నది ఆయిలింజను కాదు. ఆ చప్పుడు ఆమె కాళ్లకు తెలుసు.

సిమెంటు దిమ్మకు బోల్టులు బిగించిన ట్రయంఫ్ ఇంజను అది, కోచ్ బండికి ఉన్న రకమే. ఇంజను రెక్కల మధ్య పొంగిన బెల్లం మాడి నల్లగా అతుక్కుని ఉంది. బండి ఏదని అడిగితే గానుగ యజమాని నవ్వాడు.

"బండెక్కడిదమ్మా, మా నాన్న ఉన్నప్పుడే గూడూ సక్రాలూ పాత ఇనప కొట్టుకి ఎల్లిపోనాయి. మాకు తిరిగీది కావాలి గానీ ఎల్లీది ఎందుకు?"

దమయంతి ఆయనకు కొత్త కరెంటు మోటారు పెట్టించి ఆ ఇంజను తెచ్చుకుంది. అలా గుండె ముందు దొరికింది. గూడు దొరకాలి.

విశాఖలో పాత మోటారు సైకిళ్లవాళ్ల సంఘం ఒకటుంది. దానికి అధ్యక్షులు సోమయాజులు మాస్టారు. ఇంజనీరింగు కాలేజీలో డ్రాయింగు చెప్పి రిటైరైన మనిషి. ఏ కంపెనీ ఏ ఏడు ఏ పైపు ఎంత వంచిందో చూడకుండా చెప్పగలరు. దమయంతి వెళ్లి అడిగితే ఆయన సంబరపడిపోయి వరండా నిండా నక్షాలు పరిచారు.

"చూడమ్మా, దీని జన్మకు తగ్గవి రెండు రకాలున్నాయి," అన్నారు. "ఇది పాత పద్ధతి. ముందు నుంచి ఒకటే పైపు కిందికి దిగుతుంది. వెనక చక్రానికి స్ప్రింగులుండవు. తేలిక, సీటు కిందికి ఉంటుంది. మిలిటరీ వాళ్లు వాడినవన్నీ దాదాపు ఇవే. రెండోది నా నార్టన్ బండిది. రెండు పైపులు మెడ దగ్గర బయల్దేరి ఇంజను కిందుగా పోయి, చుట్టూ తిరిగి మళ్లీ మెడ దగ్గరికే వస్తాయి. తొట్టిలో బిడ్డను పడుకోబెట్టినట్టు ఇంజను కూర్చుంటుంది. మలుపులో దీన్ని మించింది లేదు. చాలామంది మీ ట్రయంఫ్ లాంటి ఇంజను తీసి ఇందులోనే పెట్టుకుంటారు."

నక్షాలతో తెలిసేది కాదని ఇద్దరూ అనుకున్నారు. మర్నాడు ఉదయం పోర్టు మైదానంలో సంఘంవాళ్ల మిలిటరీ బండి ఒకటి, మాస్టారి నార్టన్ ఒకటి తెచ్చి పెట్టారు. మొదటిది ఎక్కితే ఆమె పాదాలు నేలకు చక్కగా ఆనాయి. ఊపిరి పీల్చుకుంది. కానీ మైదానంలో గుంటలున్నాయి. వెనక స్ప్రింగులు లేని బండి మీద గుంట వచ్చినప్పుడు మనిషి మోకాళ్లు వంచి సీటు మీద నుంచి కాస్త లేవాలి. ఆమె మోకాలు లేవనివ్వదు. మూడు చుట్లు తిరిగేసరికి ముఖం పాలిపోయింది.

నార్టన్‌కు స్ప్రింగులున్నాయి. కానీ రెండు పైపుల వెడల్పుకి, సీటు ఎత్తుకి ఆమె పాదాలు గాలిలో వేలాడాయి. పాదం పెట్టే కడ్డీలు వెనక్కి ఉన్నాయి. కుడి కాలు అంత మడవడం ఆమెకు ఈ జన్మలో కాదు.

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "రెండూ గొప్ప డిజైన్లమ్మా. దేనిలోనూ తప్పు లేదు."

"అయితే తప్పు నాదా మాస్టారూ?" అంది దమయంతి.

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకుని నార్టన్‌ను పక్కకు నెట్టారు. 

ఆమె అక్కడినుంచి నేరుగా మల్కాపురం బస్సెక్కింది. అక్కడ అప్పలసూరి అనే ఆయన షిప్‌యార్డులో ముప్పై నాలుగేళ్లు వెల్డరుగా చేసి రిటైరై, ఇంటి పక్కనే షెడ్డు వేసుకున్నాడు. స్కూలు వాలీబాలు స్తంభాలు ఆయనే కట్టాడు. ఆమె జరిగిందంతా చెప్పింది. అప్పలసూరి బీడీ ఆర్పేసి, ఆమె కాలు వైపు కాసేపు చూశాడు.

"కూకునేవోళ్లని బట్టి కుర్సీ సేత్తాం గానీ, కుర్సీని బట్టి మనిసిని కోత్తామేటమ్మా?" అన్నాడు.

"నువ్వెప్పుడైనా మోటారు సైకిలు ఫ్రేము కట్టావా బాబాయ్?"

"లేదు. ఓడలు కట్టేను."

నా కథ ఆ మాటతో మొదలయింది.

ఇంజన్ని ఇటుకల మీద పెట్టి, దాని వెనక ఒక స్టూలు వేసి దమయంతిని కూర్చోబెట్టాడు. దర్జీ కొలతలు తీసినట్టు దారంతో కొలిచాడు. తొడ నుంచి మోకాలికి ఎంత, మోకాలు ఎంత చాపితే నొప్పి లేదు, చేతులు ఎక్కడికి హాయిగా చేరతాయి. గోడ మీద సుద్దముక్కతో గీశాడు. ఆ గీతలే నాకు నక్షా. పైన మాత్రం ఒకే ఒక లావుపాటి పైపు, వెన్నెముకలా. నడుము దగ్గర సన్నం, పాదాలు కిందికి దిగడానికి. ఇంజను కింద రెండు సన్నటి పైపులు ఊయల తాళ్లలాగ. వెనక స్ప్రింగులు. కుడిపక్క పాదం కడ్డీ, గేరు కడ్డీ ముందుకి. మిలిటరీ బండి నుంచి ఎత్తు తీసుకున్నాడు, నార్టన్ నుంచి ఊయల తీసుకున్నాడు, మిగతాది దమయంతి నుంచి తీసుకున్నాడు.

పైపు వంచితే నొక్కుకుపోకూడదు. అందుకు లోపల ఇసుక దట్టించి, రెండు చివరలా బిరడాలు కొట్టి, ఎర్రగా కాల్చి వంచాలి. ఇసుకలో చెమ్మ ఉంటే పైపు పేలుతుంది. అందుకని అప్పలసూరి భార్య నూకరత్నం శెనగలు వేయించే పెద్ద మూకుట్లో ఏటి ఇసుకని రెండు గంటలు వేయించింది.

"పెళ్లయిన కాడ్నుంచి ఈయనకి అన్నీ వండేను. ఇసక ఒక్కటే తక్కువయ్యింది," అంది.

ఆ వేడి ఇసుక నా కడుపులో పడిన క్షణం నాకు మొదటి జ్ఞాపకం. తర్వాత మంట, తర్వాత వంపు. అతుకుల దగ్గర ఇత్తడి కరిగించి పోశాడు.  ఇత్తడి తేనెలా జారి సందుల్లోకి పోయి చల్లబడింది. వేరువేరు పైపులుగా ఉన్న నేను ఒక్కటయ్యాను. పైపులు ఒక్కటవడానికి కాస్త ఇత్తడి చాలు. మనుషులకు చాలా మాటలు కావాలని ఆ తర్వాత తెలిసింది.

నన్ను చూడటానికి సోమయాజులు మాస్టారు వచ్చారు. చుట్టూ రెండుసార్లు తిరిగారు. అతుకులను వేలితో నిమిరి చూశారు. మెడ దగ్గర ఆగిపోయారు. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు దూరే గొట్టం అది.

"సూరీ, ఇది మరీ నిటారుగా ఉంది."

"టీచరమ్మకి హేండిలు తేలిగ్గా తిరగాల కదండీ. సందులో మలుపుకొచ్చినా ఒక్క సేత్తో తిప్పుకుంటాది."

"సందులో బాగానే ఉంటుంది. వేగం మీద తల ఊపుతుంది. ఆ కోణం ఊరికే పెట్టరు. లెక్క ఉంది."

"తమరి లెక్క కాయితం మీద ఉంటాది మేస్టారూ. నా లెక్క సేతిలో ఉంటాది."

మాస్టారికి కోపం వచ్చింది. "ఎలాగూ మా సంఘంలో కంపెనీ ఫ్రేములకే చోటు," అనేసి గొడుగు తీసుకుని వెళ్లిపోయారు. ఆ మాట దమయంతికి గుచ్చుకుంది. డిసెంబరులో సంఘంవాళ్లు ఏటా అనంతగిరి ఘాట్ రోడ్డు ఎక్కుతారు. అందులో వెళ్లాలనే ఆమె ఆశ అంతా.

చక్రాలూ ఫోర్కూ ఒక పాత బండివి వేశారు. ట్యాంకుకి ఆకుపచ్చ రంగు వేయించింది ఆమె. మొదటి రోజు ఇంజను వేడెక్కగానే షెడ్డంతా బెల్లం పాకం వాసన వచ్చింది. పక్కింటివాళ్లు పండగేమిటని అడిగారు. స్టార్టు చేసే కడ్డీ కుడివైపు ఉంది కాబట్టి ఆమె బండి స్టాండు వేసి, పక్కన నిలబడి ఎడమ కాలితో తన్నేది. రెండో తన్నుకే పలికింది. పాదాలు రెండూ నేలకు ఆనాయి. కుడి కాలు ముందుకు చాపుకుని హాయిగా కూర్చుంది. మల్కాపురం సందుల్లో నేను పిల్లిలా తిరిగాను. అప్పలసూరి మీసం మీద చెయ్యి వేసుకున్నాడు.

ఆదివారం ఉదయం ఆమె నన్ను భీమిలి రోడ్డెక్కించింది. నలభై బాగుంది. యాభై బాగుంది. వేగం చూపే ముల్లు అరవై తాకగానే హేండిలు ఎడమకీ కుడికీ కొట్టుకోవడం మొదలెట్టింది. నా మెడ నా మాట వినలేదు. ఎంత సిగ్గుపడ్డానో చెప్పలేను. ఆమె బ్రేకు తొక్కలేదు. థ్రాటిల్ మెల్లగా వదిలి, బండిని రోడ్డు దించి, సరుగుడు తోట పక్కన ఇసుకలోకి పోనిచ్చింది. ఇద్దరం ఇసుకలో పడ్డాం. మోచేతులు రెండూ గీరుకుపోయాయి. కబడ్డీ ఆడిన మనిషికి పడటం వచ్చు గనక అంతటితో పోయింది.

ఆమె లేచి, ఇసుక దులుపుకుని, మొదట నా మెడ తడిమి చూసింది. "ఎక్కడా విరగలేదు," అని తనలో తాను అనుకుంది. తన మోచేతుల సంగతి తర్వాత చూసుకుంది.

అప్పలసూరి ఆమె మోచేతులకు కట్టిన కట్లు చూశాక వారం రోజులు షెడ్డులో మంట వెలిగించలేదు. నూకరత్నం అన్నం పెడితే తిని లేచేవాడు. దమయంతి వచ్చి, "నాకేం కాలేదు బాబాయ్, మళ్లీ చూద్దాం," అన్నా తల ఎత్తలేదు. ఎనిమిదో రోజు పొద్దున్నే రంపం తీసి, నా మెడ గొట్టాన్ని కోసి, గోనెసంచిలో వేసుకుని బస్సెక్కాడు. నా మెడతో పాటే నేనూ వెళ్లాననుకోండి. అక్కడ జరిగింది నాకు బాగా తెలుసు.

మాస్టారు తలుపు తీసేసరికి అప్పలసూరి గుమ్మంలో సంచి దించాడు.

"మేస్టారూ, మెడ కోసి తెచ్చేను. ఎంత వంచాలో తమరు సెప్పండి. పిల్ల పడిపోనాది."

మాస్టారు 'నేను చెప్పలేదా' అనలేదు. ఆ ఒక్క మాట అనకుండా ఉండటం మనుషులకు ఎంత కష్టమో నేను తర్వాత ఎన్నో షెడ్లలో చూశాను. ఆయన లోపలికి పిలిచి, కాఫీ ఇప్పించి, నేల మీద చతికిలబడి సుద్ద తీశారు.

"ఆసుపత్రి స్ట్రెచరు కింద చిన్న చక్రాలు చూశావా? ముందుకు తోస్తే చక్రం దానంతటదే వెనక్కి తిరిగి బుద్ధిగా అనుసరిస్తుంది. ఎందుకంటే దాని కీలు ముందుంది, చక్రం నేలను తాకే చోటు వెనక ఉంది. మోటారు సైకిలుకీ అంతే. ఈ మెడ గీతని నేల దాకా పొడిగించు. చక్రం ఆనే చోటు దానికి ఇంత వెనక పడాలి. నువ్వు మెడ నిటారుగా పెట్టేసరికి ఆ దూరం పోయింది. చక్రానికి దారి చూపేది లేదు."

అప్పలసూరి ఆ గీత మీద వేలు పెట్టి నేల దాకా లాగాడు. మళ్లీ లాగాడు. "ఓడకి సుక్కాని లాగన్నమాట," అన్నాడు.

"అంతే."

"ఎంత పెడదాం?"

"నిలువు నుంచి వెనక్కి ఇరవై ఏడు డిగ్రీలు. హేండిలు కాస్త బరువవుతుంది."

"హేండిలు పొడుగు సేత్తాను. అప్పుడు తేలికవుతాది."

ఈసారి మాస్టారు ఆలోచించారు. "నాకు తోచలేదు," అని ఒప్పుకున్నారు. తర్వాత సంచిలోంచి నా మెడ తీసి వెలుతురుకు పట్టి, "అవున్గానీ సూరీ, ఈ అతుకు ఇంత సన్నగా ఎలా పోశావు? ఇంగ్లండు ఫ్రేముల్లో కూడా ఇలాంటిది చూడలేదు," అని అడిగారు. మధ్యాహ్నం భోజనం అక్కడే అయింది.

ఆ తర్వాత పదిరోజులు మాస్టారు రోజూ మల్కాపురం వచ్చారు. కోణమానిని ఆయనది, మంట అప్పలసూరిది. మధ్యలో తిట్టుకున్నారు, టీ తాగారు. నా మెడ రెండోసారి అతికింది.

డిసెంబరు రెండో ఆదివారం. శృంగవరపుకోటలో పద్నాలుగు పాత బండ్లు వరసగా నిలబడ్డాయి. దమయంతి కూడా వచ్చింది, కనీసం వెనకాల దూరంగా పోదామని. సంఘంవాళ్లలో ఒకాయన నన్ను చూసి, ఇది ఏ కంపెనీది, నియమం ఒప్పుకోదు కదా అన్నాడు. అందరూ మాస్టారి వైపు చూశారు. నియమం రాసింది ఆయనే.

మాస్టారు రిజిస్టరు తెరిచారు. "ఈ ఫ్రేము మెడ కోణం గీసింది నేను. దీన్ని ఆపితే దీన్ని గీసినవాణ్నీ ఆపాలి," అంటూ మొదటి పేజీలో ఆ నియమం మీద అడ్డంగా ఎర్రగీత కొట్టారు. కంపెనీ పేరు రాయాల్సిన చోట 'అప్పలసూరి, మల్కాపురం' అని రాశారు. అప్పలసూరి అప్పుడు మాస్టారి నార్టన్ వెనక సీటెక్కే ప్రయత్నంలో ఉన్నాడు. అది చూడలేదు. దమయంతి చూసింది.

ఊరు దాటాక ఘాట్ రోడ్డు మొదలయ్యే లోపు తిన్నటి దారి ఒకటుంది. అక్కడ ఆమె భుజాలు బిగుసుకున్నాయి. నాకు తెలుస్తోంది, హేండిలు పట్టు రాయిలా అయింది. యాభై. యాభై ఐదు. ముల్లు అరవై దగ్గర వణికింది. అది ముల్లు వణుకే, నాది కాదు. అరవై ఐదు. నా మెడ కదల్లేదు. చక్రం తన దారి తాను చూసుకుంటోంది. ఆమె వేళ్లు ఒక్కొక్కటే వదులయ్యాయి. ఆ వేళ్లు వదులవడం కన్నా పెద్ద మెప్పు నాకు ఇప్పటిదాకా దొరకలేదు.

తర్వాత మలుపులు. ఒకపక్క కొండ, ఒకపక్క లోయ, మంచు ఇంకా విడలేదు. మిలిటరీ బండి గుంటల్లో కుందేలులా గెంతుతూ పోతోంది. నార్టన్ మలుపుల్లో గీసినట్టు తిరుగుతోంది. నేను వాటి మధ్య ఉన్నాను. ఒక మలుపులో ఎదురుగా జనంతో నిండిన జీపు రోడ్డు సగం ఆక్రమించి దిగింది. ఆమె నన్ను లోయ వైపు వాల్చి, జీపు దాటగానే మళ్లీ లేపింది. ఆలోచించే వ్యవధి లేదు. కబడ్డీలో పట్టు తప్పించుకునే ఒడుపు అది. పాతికేళ్లుగా ఆ ఒంట్లో పనిలేకుండా పడి ఉందేమో, ఆ క్షణం బయటికి వచ్చింది. హెల్మెట్ లోపల ఆమె గట్టిగా నవ్వింది. ఆ నవ్వు నా పైపుల్లోకి దిగింది.

అనంతగిరిలో కాఫీ కొట్టు దగ్గర అందరూ ఆగారు. నార్టన్ మీద నుంచి అప్పలసూరి దిగడానికి ఇద్దరు సాయం పట్టారు.

"మేస్టారూ, తమరి బండి మలుపులో కొండలాగ నిలబడతాది, కాదన్ను. దిగడానికే నిచ్చెన కావాల," అన్నాడు. తర్వాత దమయంతి దగ్గరికి వచ్చి అడగాల్సింది అడగలేక నా మెడ మీద చెయ్యి వేశాడు.

"డెబ్బై దాకా పోనిచ్చాను బాబాయ్. కదల్లేదు," అంది ఆమె. "రిజిస్టర్లో నీ పేరు రాశారు."

అప్పలసూరి కాఫీ గ్లాసు పట్టుకుని కొండ వైపు తిరిగి నిలబడ్డాడు. 

ఇదంతా జరిగి నాలుగేళ్లయింది. నేనింకా తుక్కుకొట్టు చూడలేదు. నెలకోసారి దమయంతి స్కూలు కబడ్డీ పిల్లలు భీమిలి ఇసుకలో పరుగెత్తుతుంటే వాళ్ల ముందు మెల్లగా నడుస్తాను. పరుగు అయ్యాక ఒక్కొక్క పిల్లనీ ఎక్కించుకుని ఒక చుట్టు తిప్పుతుంది. ఎవరినీ వదలదు.

కిందటి వేసవిలో నన్ను విప్పి ఒట్టి పైపులుగా బల్ల మీద పడుకోబెట్టారు. ఇక తుక్కుకొట్టుకే అనుకున్నాను. తీరా చూస్తే నా కొలతలు తీసుకోవడానికట. సోమయాజులు మాస్టారికి తుంటి ఎముక అరిగి నార్టన్ ఎక్కడం కష్టమైంది. డాక్టరు మోటారు సైకిలు మానేయమన్నాడు. ఆయన డాక్టరు మాట మానేసి అప్పలసూరి దగ్గరికి వచ్చారు. నార్టన్ ఫ్రేముని వరండా గోడకు గౌరవంగా వేలాడదీసి, ఇంజను మాత్రం తెచ్చారు.

"కంపెనీ ఫ్రేము కాదు మేస్టారూ, మరి ఫరవాలేదా?" అన్నాడు అప్పలసూరి నవ్వు దాచుకుంటూ.

"పొడుగువాణ్ని కదా, సీటు రెండంగుళాలు పెంచు. మిగతాది నోరు మూసుకుని కట్టు," అన్నారు మాస్టారు.

నూకరత్నం మూకుడు పొయ్యి మీద పెట్టింది. నెలన్నరకు నాకు తమ్ముడు పుట్టాడు. మొదటి రోజు మాస్టారు వీధి చివరిదాకా వెళ్లొస్తానని వెళ్లి మూడు గంటలు రాలేదు. దమయంతి నన్ను తీసి వెతకడానికి బయల్దేరబోతుంటే సందు మొదట్లో చప్పుడు వినిపించింది. ఆయన భీమిలి దాకా వెళ్లొచ్చారు. జుట్టంతా రేగిపోయి ఉంది. బండి ఆపి, ఇంజను ఆర్పి, రెండు పాదాలూ నేలకు ఆన్చి, దిగబుద్ధి కాక అలాగే కూర్చుండిపోయారు.  నా పక్కన తమ్ముడు టిక్కు టిక్కుమంటూ చల్లారుతున్నాడు.